మిరుగు నాడు తొక్కు చేపల పులుసు



మన గ్రూపుల హాస్టల్ సమస్యల మీద, స్కాలర్‌షిప్‌ల మీద, నోటిఫికేషన్ల మీద చాలామంది మంచిగ రాస్తున్నరు. మేము రాసేది చేపల పులుసు గురించి. నవ్వకండి. ఆ పులుసు గంజు చుట్టు కూసున్నప్పుడే మా ఇంట్ల ఒక పెద్ద ముచ్చట తేలింది. అందుకే రాస్తున్నం. కొంచెం పొడుగుంటది, ఓపికతోని చదవండి.

మేము అంటే ఇద్దరం, అన్నచెల్లెలం. పెద్దోనికి ఇరవై ఏండ్లు. డిగ్రీ రెండో సంవత్సరం పరీక్షలు రాసిండు, హాస్టల్‌ల ఉంటడు. మా ఖాందాన్ల కాలేజీ గేటు దాటిన మొదటోడు వాడే. చిన్నది ఈ ఏడు ఇంటర్ బైపీసీ పాసయింది. రాసేది పెద్దోడే గానీ, చిన్నది పక్కన కూసోని చదువుకుంట "అట్ల కాదు, ఇట్ల జరిగింది" అని దిద్దుతనే ఉన్నది. అందుకే మేము అని రాస్తున్నం. ఇంట్ల మేము మాట్లాడేది గోర్ బోలి. అందరికీ అర్థం కావాలని మాటలన్నీ తెలుగుల పెడుతున్నం.

మాది దేవరకొండ దిక్కు తండా. యాడి, బాపు ఎనిమిదేండ్ల కింద కొత్వాల్‌గూడకు బతుకపోయిండ్రు. కొత్వాల్‌గూడ తెలియనోళ్లకు చెప్తం. ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ నుంచి గచ్చిబౌలి దిక్కు పోతుంటే హిమాయత్‌సాగర్ నీళ్లు కనవడతయి. ఆ నీళ్ల దగ్గరి ఊరే. 1908ల మూసీకి వరదొచ్చి పట్నం మునిగినంక, మళ్ల అట్ల కావద్దని నిజాం సర్కారు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టించింది. హిమాయత్‌సాగర్ 1927ల పూర్తయింది. ఈ రెండు చెరువుల నీళ్లు ఖరాబు కావద్దని 1996ల 111 జీవో తెచ్చిండ్రు. చుట్టు పది కిలోమీటర్ల దాక ఫ్యాక్టరీలు, పెద్ద పెద్ద బిల్డింగులు కట్టొద్దన్నరు. 2022ల ఆ జీవోను తీసేసి వేరే జీవో ఇచ్చిండ్రు గానీ, అప్పటికే ఇక్కడ అపార్ట్‌మెంట్ల బదులు ఫాంహౌసులు, తోటలు, ఫంక్షన్ హాళ్లు వచ్చి కూసున్నయి. ఫాంహౌసు ఉంటే వాచ్‌మెన్ కావాలె. అటు 2008ల శంషాబాద్ ఎయిర్‌పోర్టు మొదలైంది. ఎయిర్‌పోర్టు దిక్కు ఊడ్చేటోళ్లు, తుడిచేటోళ్లు కావాలె. మనోళ్లకు ఈ రెండు పనులు దొరుకుతయి. బాపుది మొదటిది, యాడిది రెండోది.

బాపు ఒక ఫాంహౌసుల నైట్ డ్యూటీ. సాయంత్రం ఆరింటికి ఎక్కితే పొద్దున ఆరింటికి దిగుతడు. పగటిపూట చెట్లకు నీళ్లు పట్టేది కూడ ఆయనే. ఉండనీకి వెనక ఒక రేకుల రూం ఇచ్చిండ్రు. యాడికి పొద్దున షిఫ్టు. ఐదింటికే వ్యాన్ వస్తది. అది వచ్చేసరికి రెండున్నర, మూడైతది. ఒకరు వస్తుంటే ఒకరు పోతుంటరు, ఒకరు లేస్తుంటే ఒకరు పండుకుంటరు. నలుగురం ఒక్కసారి కూసోని తిన్నది ఎప్పుడని అడిగితే మాకు జ్ఞాపకం రాలే. వండేది, వడ్డించేది, గిన్నెలు తోమేది చిన్నదే. శంషాబాద్‌ల ఇంటర్ చదువుకుంటనే అన్నీ చేసింది. పెద్దోడు ఐదో తరగతి నుంచి గురుకులంలనే పెరిగిండు గనుక సెలవులకు వచ్చే సుట్టం లెక్కనే.

జూన్ నెల మొదట్ల పెద్దోడు ఇంటికి వచ్చేసరికి ముచ్చట సగం తెగిపోయి ఉండె. యాడి పనిచేసే కాడ కాంట్రాక్టరు, ఇంటర్ పాసైన ఆడపిల్ల ఉంటే పదో తారీఖు నుంచి పంపమన్నడట. నెలకు రూ.12,000. బాపు సరేనన్నడు. ఆయన తప్పు అని మేము రాయం. తండాల రెండు బోర్లు వేసినం, రెండూ ఎండినయి. దానికి తెచ్చిన అప్పుల ఇంకా రెండు లక్షలు ఉన్నది. రెండు రూపాయల వడ్డీ, అంటే నెలకు రూ.4,000 ఒట్టి మిత్తికే పోతున్నయి. "చిన్నది ఏడాదిన్నర చేస్తే అప్పు తెగుతది, తర్వాత సదువుకోరాదా" అన్నడట బాపు. తర్వాత చదువుకుంటమని ఆగినోళ్లను మన తండాలల్ల మనమందరం చూసినం. ఎంతమంది మళ్ల చదివిండ్రో మీకే తెలుసు.

ఈ ముచ్చట మళ్ల మాట్లాడాలంటే యాడి, బాపు ఇద్దరు ఒక్కకాడ కూసోవాలె. ఒకరికి చెప్తే "బాపును అడుగు" అంటది, ఇంకొకరు "యాడిని అడుగు" అంటడు. అప్పుడు చిన్నదే అన్నది: "ఎల్లుండి మిరుగు. శాపలు వండుదం. శాపలంటే బాపు నిద్రల నుంచి కూడ లేస్తడు."

మిరుగు అంటే మన దిక్కు అందరికీ తెలుసు. మృగశిర కార్తె, జూన్ 8 దగ్గర వస్తది. రోహిణి ఎండలు పోయి వానలు మొదలయ్యే రోజులు. ఆ నాడు చేప తినాలె, తింటే ఒంట్ల వేడి నిలబడతది, దగ్గు దమ్ము రాదు అంటరు. హైదరాబాద్‌ల నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్ల బత్తిని వాళ్లు చేప ప్రసాదం ఇచ్చేది కూడ అప్పుడే. బతికున్న కొర్రమీను పిల్ల నోట్ల మందు పెట్టి మింగిస్తరు. రాంనగర్, ముషీరాబాద్ చేపల మార్కెట్లల్ల ఆ రోజు కాలు పెట్టనీకి జాగ ఉండదు. మాకు అంత దూరం పోయే పని లేదు. హిమాయత్‌సాగర్ కట్ట దిక్కు పొద్దున్నే పోతే సంఘం వాళ్లు పట్టుకొచ్చిన చేపలు దొరుకుతయి.

పొద్దున ఆరున్నరకు ఇద్దరం పోయినం. మస్తు మంది ఉన్నరు. బొచ్చె, రవ్వ, బంగారుతీగ, జెల్లలు కుప్పలు పోసిండ్రు. కొర్రమీను ధర అడిగి ఊకున్నం. పెద్దోడు పెద్దగ మెరుస్తున్న ఒక చేపను చూపెట్టిండు. చిన్నది దాని మొప్ప ఎత్తి చూసి "ఇది నిన్నటిది" అని పక్కకు పెట్టింది. మొప్పలు ఎర్రగ ఉండాలె, కన్ను లోపలికి గుంజుకొని ఉండొద్దు, వేలుతోని ఒత్తితే గుంట పడొద్దు. డిగ్రీ చదువుతున్నోనికి ఇది తెలవదు. రెండుంబావు కిలోల బొచ్చె తీసుకున్నం. కిలో రూ.200 కాడ, బేరం ఆడి రూ.440 ఇచ్చినం. ఆ పైసలు పెద్దోడు ఫంక్షన్ హాల్‌ల క్యాటరింగ్ చేసి తెచ్చినయి. కొట్టించుకుంటే ఇంకో నలభై అడిగిండ్రు. ఇంటికాడనే కోసుకుంటం అని వచ్చినం.

ఇగ తొక్కు గురించి. మేము పులుసుల పండిన చింతపండు వేయం, చింతకాయ తొక్కు వేస్తం. సంక్రాంతి ముందట చింతకాయ ముదిరి, ఇంకా పండకుండ ఉన్నప్పుడు దాది రాలగొట్టిస్తది. కడిగి, ఆరబెట్టి, ఉప్పు పసుపు వేసి రోట్ల దంచుతది. కిలో కాయకు పావుకిలోకు కొంచెం తక్కువ ఉప్పు. మూడు రోజులు ఊరబెట్టి, గింజలు, ఈనెలు ఏరేసి, మళ్ల దంచి జాడీల గట్టిగ ఒత్తి గుడ్డ కడుతది. తడి చెయ్యి తగలకుంటే ఏడాది దాటినా ఏం కాదు. ఈసారిది తండా నుంచి బస్సుల వచ్చే తెలిసినాయనతోని రెండు కిలోల డబ్బాల పంపింది.

దాది చెప్పే ముచ్చట ఒకటున్నది. మనం ముందుగాల చేపలు తినే జాతి కాదట. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంట ఊరూరు తిరిగినోళ్లం. లవణం మోసినోళ్లు గనుకనే లంబాడా అనే పేరొచ్చిందని కొందరు అంటరు. మా దిక్కుకు చేపలు వచ్చింది నాగార్జునసాగర్ తోని. 1955ల డ్యాంకు పునాది రాయి పడ్డది, 1967ల నీళ్లు వదిలిండ్రు. వెనక కృష్ణ నీళ్లు మా గుట్టల దాక నిలబడ్డయి. చేపలు పట్టనీకి విశాఖ దిక్కు నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడనే ఉండిపోయినయి. నేరెడుగొమ్ము మండలంల వైజాగ్ కాలనీ అని ఇప్పటికీ ఉన్నది, ఆదివారం పట్నం నుంచి కార్లేసుకొని చేపలు తిననీకి పోతరు. దాది పడుచుదున్నప్పుడు ఆ ఆడోళ్లు చేపల గంపతోని తండాకు వస్తుండె. పైసలు లేకుంటే దాది జొన్నలు, చింతకాయ ఇచ్చి చేపలు తీసుకునేది. వాళ్ల చేప, మన తొక్కు. అట్ల పుట్టిన పులుసు ఇది.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టినం. బూడిద రాసి పొలుసు గీకినం. కడుపు కోసినప్పుడు లోపల ఆకుపచ్చటి చేదు సంచి ఉంటది. అది పగిలిందా, చేపంతా చేదే. చిన్నది దాన్ని రెండు వేళ్లతోని పట్టి మెల్లగ తీసింది. మొప్పలు తీసేసి, తలను రెండు చెక్కలు చేసినం. గల్ల ఉప్పు, పసుపు రుద్ది రెండుసార్లు కడిగినం.

ముక్కలు లెక్కపెడితే తల చెక్కలు రెండు, తోక ఒకటి, నడుము ముక్కలు తొమ్మిది. మొత్తం పన్నెండు.

కడుగుకుంటనే చిన్నది పంపకం చెప్పింది. రోజు చెప్పే లెక్కనే చెప్పింది, బాధతోని కూడ కాదు. "తలకాయ ఒకటి బాపుకు, ఒకటి నీకు. బాపుకు ఇప్పుడు రెండు ముక్కలు, రాత్రి డ్యూటీ టిఫిన్ల రెండు. నీకు ఇప్పుడు రెండు, హాస్టల్‌కు రెండు కట్టిస్త. యాడికి ఒకటి, తోక కూడ యాడికే."

పెద్దోడు వేళ్ల మీద లెక్కపెట్టిండు. పన్నెండు అయిపోయినయి.

"మరి నీకు?"

"గంజు అడుగుకు విరిగినయి ఉంటయి గద. నాకు పులుసే ఇష్టం."

పెద్దోడు ఆడనే ఆగిపోయిండు. ఐదో తరగతి నుంచి ఎప్పుడు ఇంటికి వచ్చినా తలకాయ వాని పళ్లెంలకే వచ్చేది. హాస్టల్‌ల నీళ్ల చారు తాగి వచ్చిండని యాడి ప్రేమతోని వేసేది. అది ప్రేమనే. కానీ చేపకు తలకాయ రెండు చెక్కలే ఉంటది. ఒకరికి ఎక్కువ పోతే అది ఇంకొకరి పళ్లెంల నుంచే పోతది. పదేండ్లల్ల ఈ ఇంట్ల చిన్నదానికి ఒక్కసారి కూడ తలకాయ పడలేదని, ఎవ్వరం చూడలేదని ఆ రోజు తెలిసింది. చదువు కూడ అట్లనే పంచినం. ఎవ్వరూ కావాలని చేయలే. పెద్దోనికి ముందు వేసినం, చిన్నదానికి అడుగున మిగిలినయి అన్నం.

అప్పుడు మేమిద్దరం ఒక మాట అనుకున్నం. ఈ రోజు వడ్డించేది పెద్దోడు.

వంట ఎట్ల చేసినమో చెప్తం, చేసుకునేటోళ్లు చేసుకోండి. ముక్కలకు కారం, పసుపు, కొంచెం ఉప్పు, ఎల్లిగడ్డ ముద్ద పట్టిచ్చి అరగంట పక్కకు పెట్టాలె. నాలుగు ఉల్లిగడ్డలు పొట్టుతోనే కట్టెల పొయ్యిల కాల్చి, నల్ల పొట్టు తీసి నూరాలె. ధనియాలు, జీలకర్ర, ఇన్ని మెంతులు, రెండు చెంచాల నువ్వులు, చిన్న ఎండు కొబ్బరి ముక్క దోరగ వేయించి పొడి చేయాలె. మెంతులు మాడితే పులుసు చేదైతది, జాగ్రత్త. రెండు పిడికిళ్ల తొక్కు గోరువెచ్చటి నీళ్లల్ల నానబెట్టి, పిసికి, పీచు తీసి వడగట్టాలె. గంజుల నూనె కాగినంక మెంతులు, పచ్చిమిరపకాయలు, కల్యామాకు, ఉల్లిగడ్డ ముద్ద వేసి నూనె పైకి తేలేదాక వేయించి, కారం, పొడి వేసి, తొక్కు పులుసు పోయాలె. పులుసు తుకతుక ఉడికి చిక్కవడ్డంకనే ముక్కలు పేర్చాలె. ఇగ ఆడికెల్లి గంటె పెట్టొద్దు. గంజును గుడ్డతోని పట్టి గుండ్రంగ కదపాలె. సన్న మంట మీద పావుగంట. దించి మూత పెట్టి కనీసం రెండు గంటలు ఊకోవాలె. అప్పుడు ముక్కకు పులుపు పడతది.

ఇందుల మేము చేసిన తప్పు కూడ చెప్తం. చిన్నది కల్యామాకు తెంపనీకి బయటికి పోయిన సందుల పెద్దోడు పులుసుల చెంచెడు ఉప్పు వేసిండు. తొక్కుల ఉప్పు ఉంటదని వానికి యాదికి లేదు. రుచి చూస్తే నాలుక మీద పెట్టరాకుండ ఉన్నది. సంపాదించిన పైసల చేప, సర్రుమని పాయె అనుకున్నం. యాడికి ఫోన్ చేస్తే డ్యూటీల ఉన్నది, ఎత్తలే. చిన్నది కంగారు పడలే. రెండు గంటెల పులుసు తీసి పక్కకు పెట్టింది, వేడినీళ్లు పోసింది, ఇంకో రెండు ఉల్లిగడ్డలు కాల్చి నూరి, గుప్పెడు నువ్వులు వేయించి నూరి కలిపింది. ముక్కలు ఇంకా వేయలేదు గనుక సరిపోయింది. ఉప్పు దారికొచ్చింది.

అప్పుడే ఒక ముచ్చట చెప్పింది. చెరువు చేపకు మట్టివాసన వస్తది గద, దానికి జియోస్మిన్ అనే పదార్థం కారణమట. నీళ్లల్ల, మట్టిల ఉండే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తయట. పులుపు తగిలితే అది విరిగిపోయి వాసన పోతదట. "తొలకరి వాన పడ్డప్పుడు మట్టి నుంచి వచ్చే వాసన కూడ అదే. మిరుగు వాసన అదే, శాప వాసన అదే" అన్నది. పెద్దోడు బీఏ. వానికి ఇది కొత్త. మేము ఏండ్ల నుంచి తొక్కు వేస్తున్నం గానీ ఎందుకు వేస్తున్నమో ఆ రేకుల రూంల మొదటిసారి ఒకరు చెప్పిండ్రు, అది గంజు కదుపుకుంట చెప్పింది.

మూడింటికి యాడి వచ్చింది. ముఖం కడుక్కునే లోపల బాపు లేచిండు. చిన్నది చెప్పినట్టే వాసనకే లేచిండు. రూం ముందట నీడల చాప వేసినం. అన్నం, జొన్న బాటీలు, పులుసు. పైనుంచి విమానాలు కిందికి దిగుతుంటయి, మాట మధ్యల ఆపి అవి పోయినంక మాట్లాడాలె. మాకు అలవాటే.

పెద్దోడు గంటె పట్టిండు. యాడి "నువ్వు కూసో, అది వేస్తది" అన్నది. "ఈ పొద్దు నేనే" అన్నడు. బాపుకు ఒక తలచెక్క వేసిండు. రెండోది చిన్నదాని పళ్లెంల వేసిండు. యాడికి రెండు నడుము ముక్కలు. తోక వాని పళ్లెంల వేసుకున్నడు.

ఎవ్వరూ మాట్లాడలే. కొంచెంసేపు అయినంక యాడి నవ్వి, "దానికి తలకాయ తినరాదు బిడ్డా, ముండ్లు గుచ్చుకుంటయి" అన్నది. నిజమే, దానికి రాదు. ఎన్నడన్న వేస్తే గద వచ్చేది. చిన్నది ఆ చెక్కను ఇటు తిప్పి అటు తిప్పి ఏడ పట్టాలెనో తెలవక చూస్తున్నది.

అప్పుడు బాపు జరిగి దాని పక్కకు కూసున్నడు. "ఇటు చూడు. మొదలు దవడ కాడ పట్టి ఇట్ల విరువాలె. ఈ చెంపల మెత్తటి కండ ఉంటది, అది తిను. కన్ను చుట్టు కొవ్వు ఉంటది, జుర్రాలె. ఈ బొక్కను నములకు, పీల్చి పడేయి" అని చెయ్యి పట్టి చూపెట్టిండు. చిన్నప్పుడు పెద్దోనికి ఎట్ల చూపెట్టిండో అట్లనే. చిన్నది పీల్చింది. మూతి నిండ పులుసు. బాపు నవ్విండు.

"మట్టివాసన అసలు లేదు. ఎట్ల చేసినవ్?" అని అడిగిండు. చిన్నది జియోస్మిన్ ముచ్చట చెప్పింది. గోర్ బోలిలనే చెప్పింది, ఆ ఒక్క పేరు తప్ప. ఒక విమానం వచ్చి పోయేదాక ఆగి, మిగిలింది చెప్పింది. బాపు తినుడు ఆపి విన్నడు.

"ఇది ఏడ నేర్సినవ్?"

"బయాలజీ మీద ఇష్టం. లైబ్రరీల బుక్కు ఉండె."

"ఇంటర్ల ఎన్నొచ్చినయ్ నీకు?"

యాడి, మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నం. పాసైందని తెలుసు గానీ, ఎన్ని మార్కులని ఇంట్ల ఎవ్వరూ అడగలే. "871" అన్నది.

"వెయ్యికా? వీనికెన్ని వచ్చె అప్పుడు?"

"702" అన్నడు పెద్దోడు.

బాపు ఏమనలే. పళ్లెంల పులుసును బాటీతోని తుడుచుకొని తిన్నడు. మేము అనుకున్న మాటలన్నీ అప్పుడు చెప్పినం. దోస్త్‌ల మొదటి విడత దాటిపోయింది, దానికి రూ.200 ఉండె. రెండో విడత నడుస్తున్నది, రూ.400. ఈ చేపకు పెట్టిన దానికంటే తక్కువ. సర్కారు కాలేజీల హాస్టల్ ఉన్నది పెట్టుకుంటే తిండికి, ఉండనీకి ఖర్చు లేదు. ఫీజుకు, స్కాలర్‌షిప్‌కు ఈపాస్‌ల పెట్టుకోవచ్చు. పెద్దోడు ఆదివారాలు క్యాటరింగ్‌కు పోతే ఒక్కసారికి రూ.600 ఇస్తరు, అవి మిత్తికి కడతడు.

బాపు చాలసేపు లెక్కలు వేసుకున్నడు. ఆయన లెక్కలు మా లెక్కల కంటే గట్టివి. "మరి అప్పు ఏడాదిన్నరల తెగదు. నాలుగేండ్లు పడతది" అన్నడు. పడతది అన్నం. అబద్ధం చెప్పలే. "మీ యాడి నడుము నొప్పికి నాలుగేండ్లు ఆ వ్యాన్ ఎక్కాలె" అన్నడు. దానికి మా దగ్గర జవాబు లేదు. జవాబు యాడినే చెప్పింది: "నేను ఎక్కుత. దాన్ని ఎక్కియ్యను. పొద్దున ఐదింటికి నా పక్క సీట్ల అది కూసుంటే నాకు నిద్ర పడుతదా?"

బాపు చెయ్యి కడుక్కొని, జేబుల నుంచి రెండు రెండొందల నోట్లు తీసి చాప మీద పెట్టిండు. పెద్దోని దిక్కు చూసి, "నువ్వు నెలకు రెండుసార్లకంటే ఎక్కువ పోకు. నీ సదువు ఖరాబు చేసుకోకు" అన్నడు. ఆరింటికి టిఫిన్ పట్టుకొని డ్యూటీకి పోయిండు. టిఫిన్ల రెండు ముక్కలు పెట్టినం. అందుల కోత పెట్టలే.

తెల్లారి శంషాబాద్‌ల నెట్ సెంటర్‌కు పోయినం. ఆడ ఒక దెబ్బ తిన్నం, మీకు పనికొస్తది గనుక చెప్తున్నం. దోస్త్‌ల రిజిస్టర్ కావాలంటే ఆధార్‌కు లింకున్న ఫోన్ నంబరు కావాలె. చిన్నదాని ఆధార్‌కు ఉన్నది ఎప్పటిదో తండాల నంబరు, ఆ సిమ్ము ఎప్పుడో పోయింది. నంబరు మార్పించనీకి తిరిగి, ఒక రోజు వట్టిగ పోయింది. ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్ల ఉన్నోళ్లు ఇప్పుడే చూసుకోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ముందే తీసి పెట్టుకోండి. వెబ్ ఆప్షన్లల్ల హాస్టల్ దగ్గరున్న కాలేజీలు ముందు పెట్టండి. మేము అట్లనే పెట్టినం. లైఫ్ సైన్సెస్ పెట్టింది. సీటు ఇంకా రాలే. కాంట్రాక్టరుకు యాడి తనే చెప్పింది, మా బిడ్డ రాదని. ఆయన మొఖం మాడ్చుకున్నడట.

అప్పు అట్లనే ఉన్నది. యాడి పొద్దున ఐదింటికి వ్యాన్ ఎక్కుతనే ఉన్నది. మేమేదో గెలిచినమని రాస్తలేం. సీటు రావాలె, అది పోవాలె, మూడేండ్లు నిలబడాలె. మనల మొదటోళ్లుగ కాలేజీకి వచ్చినోళ్లకు ఒక్కటే చెప్పాలని ఉన్నది. మనం సెలవులకు ఇంటికి పోతే సుట్టాల లెక్క చూస్తరు. మంచి ముక్క మన పళ్లెంలనే పడతది. ఈసారి పోయినప్పుడు మీరే వంట చేయండి, మీరే వడ్డించండి. ముక్కలు లెక్కపెట్టండి. ఎవరు పులుసుతోనే సరిపెట్టుకుంటున్నరో అప్పుడు కనవడతది. వాళ్ల మార్కులు ఎన్నో అడగండి.

కోయ, గోండు అన్నలు, అక్కలు మీ ఇండ్లల్ల చేపలల్ల పులుపుకు ఏం వేస్తరో కింద రాయండి. వెదురు కొమ్ములు వేసి వండుతరని హాస్టల్‌ల ఒక దోస్త్ చెప్పిండు, ఎట్లనో చెప్పలే. చిన్నది నేర్చుకుంటనంటున్నది.

దాదికి ఫోన్‌ల అంతా చెప్పినం. ఆమె సీటు గురించి అడగలే, తొక్కు ఎంత మిగిలిందని అడిగింది. సగం డబ్బా ఉన్నదన్నం. "హాస్టల్‌కు పోతే దానికి వేరే డబ్బా పంపుత" అన్నది. సీటు వచ్చినంక మళ్ల రాస్తం. పులుసుల మాత్రం ఉప్పు వేయకండి, తొక్కుల ఉంటది.